స్నేహితులతో గుళ్లూ రాజభవనాలూ: హైదరాబాదు నుంచి పన్నెండు రోజుల దక్షిణ యాత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

మేము ఆరుగురం, ముప్పై ఏళ్ల కిందట హైదరాబాదులో ఒకే కళాశాలలో చదువుకున్నవాళ్లం. పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చాక ఇన్నాళ్లకు తీరిక చేసుకొని హంపి, మైసూరు, తిరువనంతపురం, మదురై, శ్రీరంగం, తంజావూరు చూసి వచ్చాము. అప్పటి నుంచి బంధువులు, ఆఫీసు మిత్రులు, అపార్టుమెంటులోని ఇరుగుపొరుగు అడుగుతున్న ప్రశ్నలు ఇంచుమించు ఒకటే కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు అన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాము.

తీర్థయాత్ర అంటే గుళ్లు చాలవా? మధ్యలో రాజభవనాలు ఎందుకు?

తిరుమల మహాద్వారం దాటి లోపలికి అడుగు పెట్టగానే కుడివైపు మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, ఆయనకు ఇరుపక్కలా తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. మనలో చాలామంది క్యూలో తోపులాట మధ్య ఆ లోహ విగ్రహాలను చూడకుండానే దాటిపోతారు. మేమూ పాతికసార్లు అలాగే దాటిపోయాము. ఏడుసార్లు కొండకు వచ్చిన రాజు సింహాసనం మీద కాకుండా గుమ్మం దగ్గర భక్తుడిగా ఎందుకు నిలబడ్డాడన్న ప్రశ్న మాలో ఒకరికి కలిగింది. అక్కడి నుంచే ఈ యాత్ర ఆలోచన పుట్టింది.

దక్షిణాదిన రాజధానిగా వెలిగిన ప్రతి ఊరిలోనూ గుడికి, రాజభవనానికి మధ్య ఒక లెక్క ఉంటుంది. గుడి ఒక్కటే చూస్తే దాన్ని కట్టించినవాడు ఎలా బతికాడో తెలియదు, రాజభవనం ఒక్కటే చూస్తే అతడు ఎవరికి తల వంచాడో తెలియదు. అందుకే ప్రతి ఊరిలోనూ రెంటినీ జంటగా చూడాలని, గుడిలో రాజు ఎక్కడ నిలబడ్డాడో వెతకాలని ముందే అనుకున్నాము. మీరు వెళ్లినా అలాగే వెతకండి. దాదాపు ప్రతిచోటా దొరుకుతాడు.

హైదరాబాదులో ఎక్కడ మొదలుపెట్టాలి?

చార్మినారు దగ్గరి చౌమహల్లా ప్యాలెస్‌లో మొదలుపెట్టండి. పుట్టి పెరిగిన ఊరిలోని రాజభవనాన్ని చూడకుండా మైసూరుకు పరుగెత్తడం మనవాళ్లకు మామూలే. మా ఆరుగురిలో నలుగురు అంతవరకు దాని లోపల అడుగు పెట్టలేదు. చౌమహల్లా అంటే నాలుగు మహళ్లు: అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ మహళ్లు. అసఫ్‌జాహీల దర్బారు జరిగిన ఖిల్వత్ ముబారక్‌లో పాలరాతి గద్దెను, దాని పైన వేలాడే షాండ్లియర్లను కాసేపు నిలబడి చూస్తే తరువాత మైసూరు దర్బారు హాలును పోల్చుకోవడానికి ఒక కొలత దొరుకుతుంది. శుక్రవారం సెలవన్న సంగతి గుర్తుంచుకోవాలి.

గుడి విషయానికి వస్తే, బయలుదేరే ముందు చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేశాము. అక్కడ హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. ముందున్న పన్నెండు రోజుల్లో ఎదురుపడబోయే టికెట్ కౌంటర్లను తలచుకుంటే అది మంచి ఆరంభమే అనిపించింది.

ఎన్ని రోజులు పడుతుంది? దారి ఏది?

పన్నెండు రోజులు కనీసం కావాలి. పది రోజుల్లో ముగించాలంటే తిరువనంతపురం వదులుకోవాలి, దాన్ని వదులుకోవద్దని మా సలహా.

హైదరాబాదు నుంచి హోస్పేట రోడ్డు మార్గాన 400 కి.మీ. లోపే ఉంటుంది కాబట్టి రాత్రి బయలుదేరితే తెల్లవారేసరికి చేరుతారు. అక్కడి నుంచి హంపి 13 కి.మీ. హంపిలో రెండున్నర రోజులు ఉండి, రాత్రి హోస్పేటలో హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాడు మైసూరులో దిగవచ్చు. మైసూరులో రెండు రోజులు గడిపి రాత్రి రైలులో కేరళకు వెళ్లాము. తిరువనంతపురం నుంచి నాగర్‌కోయిల్ వైపు వెళ్లే దారిలో పద్మనాభపురం ప్యాలెస్ చూసుకొని మదురై చేరాము. చివరి మూడు రోజులు తిరుచిరాపల్లిలో బస చేసి శ్రీరంగం, తంజావూరు, తిరువైయారు చూశాము. తిరుగు ప్రయాణం తిరుచిరాపల్లి నుంచి విమానంలో గాని, చెన్నై మీదుగా రైలులో గాని పెట్టుకోవచ్చు. మధ్యలోనే ఇల్లు చేరవలసినవారికి తిరువనంతపురం నుంచి సికింద్రాబాదుకు శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది.

రైల్వే రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 60 రోజులకు తగ్గించారు. ఆరుగురికి ఒకే పెట్టెలో బెర్తులు కావాలంటే 60వ రోజు ఉదయమే కూర్చోవాలి. తత్కాల్‌ను నమ్ముకుంటే ముగ్గురు ముందు, ముగ్గురు వెనుక ప్రయాణించవలసి వస్తుంది.

ఏ నెలలో వెళ్లాలి?

జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా అనుకూలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి. నవంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప దీక్ష స్వాముల రద్దీ వల్ల కేరళ రైళ్లలో బెర్తు దొరకదు, మదురైలో గది దొరకదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుప్పావై వినాలనుకునేవారు మాత్రం ఈ కష్టాన్ని లెక్కచేయకుండా డిసెంబరులోనే వెళ్తారు; అది వారి ఇష్టం. అయితే ముక్కోటి ఏకాదశినాడు శ్రీరంగంలో ఉండాలనుకుంటే, ఆ రోజుకు ఇంకే కార్యక్రమమూ పెట్టుకోవద్దు.

హంపిలో అంతా శిథిలాలే కదా, రెండున్నర రోజులు ఎందుకు?

ఎందుకంటే ఈ యాత్ర మొత్తానికి తాళంచెవి అక్కడే ఉంది. రాజప్రాసాదాల ఆవరణలోకి వెళ్తే మోకాలి ఎత్తు నుంచి మనిషి ఎత్తు వరకు చెక్కిన రాతి అరుగులు వరుసగా కనిపిస్తాయి. వాటి మీద ఉండవలసిన భవనాలు కనిపించవు, ఎందుకంటే పై అంతస్తులు కలపతో కట్టినవి. 1565 నాటి యుద్ధంలో విజయనగరం ఓడిన తరువాత నగరం దోపిడీకి, మంటలకు గురైంది. కలప కాలిపోగా రాయి మిగిలింది. రాజు నివాసం కలప, దేవుడి నివాసం రాయి. విరూపాక్షుడి గుడిలో ఈనాటికీ పూజలు జరుగుతున్నాయి, రాయలు నడిచిన మహలు ఏదో వేలు పెట్టి చూపించగలవాడు లేడు.

విరూపాక్షాలయంలో రంగమండపం ముందు రాయల శాసనం ఉంది. పట్టాభిషేక సందర్భంగా ఆ మండపాన్ని, గోపురాన్ని కట్టించినట్టు 1510 నాటి ఆ శాసనం చెబుతుంది. విజయనగర రాజులు దానపత్రాల చివర తమ పేరు రాయలేదు, ‘శ్రీ విరూపాక్ష’ అని చేవ్రాలు చేశారు. రాజ్యం దేవుడిది, సంతకమూ దేవుడిదే అన్నమాట.

అదే గుడిలో గర్భాలయం వెనుకవైపు ఒక చీకటి గదిలో, సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగులో, తూర్పు గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. మేము ఎండ బాగా ఉన్న ఉదయం వెళ్లాము. మొదట గోడ మీద మసక మరక తప్ప ఏమీ కనిపించలేదు. మాలో ఒకరు భుజం మీది తెల్లటి కండువా తీసి గోడకు ఆనించి పట్టుకోగానే కలశాలు కిందికి, పునాది పైకి ఉన్న గోపురం బట్ట మీద తేటగా కనిపించింది; గోపురానికి అడ్డంగా ఎగిరిన పక్షి కూడా తలకిందులుగా ఎగిరింది. సూదిబెజ్జం కెమెరా పనిచేసే తీరు ఇదేనని మా ఇంజనీరు మిత్రుడు అక్కడే ఒక పాఠం మొదలుపెట్టాడు, వెనుక ఉన్నవాళ్లు తోసేవరకు ఆపలేదు.

తరువాత హజార రామాలయానికి తప్పక వెళ్లండి. అది రాజప్రాసాదాల నడుమ ఉంది. ప్రాకారపు గోడ మీద బయటివైపు మహర్నవమి ఊరేగింపులోని ఏనుగులు, గుర్రాలు, నర్తకులు బారులు తీరి ఉంటే, లోపలి గుడి గోడల మీద రామాయణ కథ నడుస్తుంది. విఠ్ఠలాలయంలోని రాతి రథం యాభై రూపాయల నోటు వెనుక ముద్రించి ఉన్నదే కనుక దాని గురించి వేరే చెప్పనవసరం లేదు. అక్కడికి బ్యాటరీ బండ్లు నడుపుతారు. సాయంత్రం తుంగభద్రలో పుట్టి ఎక్కవచ్చు.

మైసూరులో ప్యాలెస్ ముందా, చాముండి కొండ ముందా?

కొండ ముందు. ఉదయం వెయ్యి మెట్లు ఎక్కగలిగినవారు ఎక్కవచ్చు, దారిలో ఏకశిలా నంది కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి బస్సు ఉంది. అమ్మవారి ఆలయంలో లోపల ముమ్మడి కృష్ణరాజ ఒడయరు ముగ్గురు రాణులతో కలిసి చేతులు జోడించి నిలబడి ఉంటాడు. తిరుమలలో రాయలవారిని చూసినవారికి ఈ భంగిమ కొత్తగా అనిపించదు.

ఇప్పుడున్న ప్యాలెస్ చాలా పాతది కాదు. 1897లో రాజకుమారి పెళ్లి సమయంలో పాత కలప ప్యాలెస్ తగలబడిపోతే, హెన్రీ ఇర్విన్ రూపకల్పనలో కట్టిన కొత్త భవనం 1912లో పూర్తయింది. ఇక్కడ కూడా కలప కాలిపోయిన కథే. ఆదివారాల్లోను, సెలవు రోజుల్లోను రాత్రి సుమారు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి, అందుకే మైసూరులో మీ బస ఆదివారం మీదుగా ఉండేటట్టు చూసుకోండి. మేము అలాగే చూసుకున్నాము గాని, ముందే డబ్బు కట్టిన బసలో మా మూడు గదులలో ఒకటి వేరేవారికి ఇచ్చేశారు. ఆ రాత్రి నలుగురం ఒకే గదిలో పడుకున్నాము. ఆదివారం గది తీసుకునేవారు ముందురోజు ఫోను చేసి ఖాయం చేసుకోవడం మంచిది.

దసరా ఊరేగింపులో ఏనుగు మీద కట్టే బంగారు అంబారీ బరువు 750 కిలోలు. ఒకప్పుడు అందులో మహారాజు కూర్చునేవాడు, రాజభరణాలు రద్దయిన తరువాతి కాలం నుంచి అందులో చాముండేశ్వరి ఊరేగుతోంది. ఆ మార్పు సరైన దిక్కుకే జరిగిందని మా అభిప్రాయం.

తిరువనంతపురం పద్మనాభస్వామి గుడిలో దుస్తుల నియమం అంత కఠినమా?

అవును, ఇందులో మొహమాటం ఉండదు. పురుషులు పంచె కట్టుకొని, పై భాగాన చొక్కా గాని బనియను గాని లేకుండా వెళ్లాలి; కండువా వేసుకోవచ్చు. స్త్రీలు చీర గాని, పొడవాటి లంగా గాని కట్టుకోవాలి, చుడీదారు వేసుకున్నవారు దాని మీద పంచె చుట్టుకోవాలి. ఫోను, కెమెరా బయటే పెట్టాలి. గుడి దగ్గరే పంచెలు అద్దెకు, అమ్మకానికి దొరుకుతాయి.

ఇక్కడ మా అనుభవం చెప్పాలి. మాలో పంచె కట్టడం వచ్చినవాడు ఒక్కడే. మిగిలినవారికి అతడే కట్టాడు. కుచ్చిళ్లు నిలబడక ఒక మిత్రుడు ప్యాంటు బెల్టును పంచె మీద బిగించుకున్నాడు. అది చూసి పక్కన నిలబడిన ఒక పెద్దాయన మలయాళంలో ఏదో అని నవ్వి, బెల్టు తీయించి, పంచెను నడుము చుట్టూ లుంగీలాగా తిప్పి అంచును లోపలికి ఒక్క మడత దోపాడు. రెండు గంటలు నిలబడినా అది జారలేదు. కేరళ పద్ధతిలో కట్టడం మన గోచి పంచె కంటే చాలా సులువని, దాన్ని హైదరాబాదులోనే నేర్చుకొని వెళ్లి ఉండవలసిందని అప్పుడు తెలిసింది.

దర్శన వేళలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ఉదయం పూట కూడా మధ్యమధ్య తలుపులు మూసి, మధ్యాహ్నం తరువాత సాయంత్రం దాకా తెరవరు. మేము మొదటి రోజు పన్నెండు దాటాక వెళ్లి మూసిన తలుపును చూసి వచ్చాము. ముందురోజు సాయంత్రమే ఆ వేళలు కనుక్కోండి.

లోపల స్వామి శేషతల్పం మీద పద్దెనిమిది అడుగుల పొడవున పవళించి ఉంటాడు. ఒకే ద్వారం గుండా ఆ మూర్తి పూర్తిగా కనిపించదు. మొదటి ద్వారంలో ముఖము, శివలింగం మీద వాలిన కుడిచేయి, రెండో ద్వారంలో నాభి కమలం మీది బ్రహ్మ, మూడో ద్వారంలో పాదాలు. దీపాల వెలుగు తప్ప వేరే వెలుగు లేదు. స్వామి ముందు పరిచిన ఒకే రాతి వేదికను ఒట్టక్కల్ మండపం అంటారు. దాని మీద సాష్టాంగపడినవాడు తన సర్వస్వాన్నీ స్వామికి ఇచ్చేసినట్టే అని అక్కడి నమ్మకం, కాబట్టి ఆ హక్కు ఇదివరకే అంతా ఇచ్చేసిన తిరువాంకూరు రాజుకు మాత్రమే ఉండేది. 1750లో మార్తాండవర్మ రాజ్యాన్ని పద్మనాభుడికి సమర్పించి, ఆనాటి నుంచి తాను పద్మనాభదాసుడినని చెప్పుకున్నాడు. హంపిలో సంతకం దేవుడిదైతే ఇక్కడ సింహాసనమే దేవుడిది. ఏడాదికి రెండుసార్లు ఆరాట్టు ఊరేగింపు సముద్ర స్నానానికి శంఖుముఖం తీరానికి వెళ్తుంది. దారి విమానాశ్రయపు రన్‌వే మీదుగా ఉండటం వల్ల ఆ కొన్ని గంటలు విమానాలు ఆపేస్తారు. ఇది విన్నప్పుడు కట్టుకథ అనుకున్నాము, కాని నిజమే.

పద్మనాభపురం ప్యాలెస్ దారి తప్పి వెళ్లి చూడదగినదేనా?

ఈ యాత్రలో మాకు అన్నిటికంటే నచ్చిన రాజభవనం అదే. తమిళనాడు నేల మీద ఉన్నా కేరళ ప్రభుత్వం నిర్వహిస్తుంది. సోమవారం సెలవు. 1795 వరకు తిరువాంకూరు రాజధాని అక్కడే ఉండేది. హంపిలో, మైసూరులో కాలిపోయిన కలప భవనం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవాలంటే నిలిచి ఉన్న కలప భవనం ఒకటి చూడాలి. అది ఇక్కడ ఉంది. తల వంచితే గాని దాటలేని గుమ్మాలు, అద్దంలా మెరిసే నల్లటి నేల, వందలమంది బంతికి కూర్చునే రెండంతస్తుల అన్నసత్రం చూడవచ్చు. అన్నిటికంటే పైన ఉన్న అంతస్తులో మంచం రాజుది కాదు, పద్మనాభస్వామి పవళింపుకని కేటాయించినది. రాజు పడకగది దానికి కింద ఉన్న అంతస్తుల్లోనే ఉంది.

మదురైలో మధ్యాహ్నం గుడి మూసి ఉంటే ఏం చేయాలి?

తమిళనాడులోని పెద్ద గుళ్లు చాలావరకు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసి నాలుగింటికి తెరుస్తారు. తిరుమలలో రోజంతా దర్శనానికి అలవాటుపడిన మనవారికి ఇదే మొదటి ఎదురుదెబ్బ. మధ్యాహ్నాలను రాజభవనాలకు కేటాయిస్తే ఏ పేచీ ఉండదు. మదురైలో తిరుమల నాయకర్ మహలు గుడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది.

1636లో పూర్తయిన ఆ మహలు స్తంభాల దగ్గర నిలబడితే మనుషులం చీమలంత కనిపిస్తాము. ఇప్పుడు మనం చూసేది మొదటి కట్టడంలో ఒక భాగమే. దాన్ని కట్టించిన మదురై రాజు తిరుమల నాయకుడి మనుమడు చొక్కనాథుడు మహలులోని విలువైన కలపను, శిల్పాలను ఊడదీసి తిరుచిరాపల్లికి తరలించాడు. తాత కట్టించిన ఇంటిని మనుమడు విప్పేశాడు గాని, తాత గుడికి చేసిన చేర్పులను ఎవరూ ముట్టలేదు.

మదురై నాయకులు తెలుగువారు. మీనాక్షి గుడి తూర్పు గోపురానికి ఎదురుగా తిరుమల నాయకుడు కట్టించిన పుదు మండపం ఉంది. అందులో స్తంభాలకు నాయక రాజుల నిలువెత్తు శిల్పాలు చెక్కారు. తిరుమల నాయకుడు కాస్త బొజ్జతో, రాణులతో, చేతులు జోడించి ఉంటాడు. శిల్పి రాజుగారి పొట్టను దాచాలని ప్రయత్నించలేదు. లోపలికి పంపుతున్నారో లేదో ముందుగా కనుక్కోండి. మీనాక్షి గుడిలోకి ఫోను తీసుకువెళ్లనివ్వరు. ఆరుగురి ఫోన్లు ఒకే సంచిలో వేసి ఒకే టోకెను తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు ఆలస్యం కాదు. గుడికి నాలుగు దిక్కులా గోపురాలు ఉండటం వల్ల ఒకరినొకరు తప్పిపోవడం తేలిక, చేతిలో ఫోనూ ఉండదు. చెప్పులు విడిచిన గోపురం పేరు అందరూ నోటికి నేర్చుకోవాలి. మేము నేర్చుకోలేదు. ఇద్దరు మిత్రులు దక్షిణ గోపురం దగ్గర, నలుగురం తూర్పు గోపురం దగ్గర గంటసేపు ఒకరికోసం ఒకరం ఎదురుచూశాము.

తంజావూరుకు, మనకు ఏమిటి సంబంధం?

చాలా ఉంది. శ్రీరంగం నుంచి ఒక పగటి ప్రయాణంగా వెళ్లి వద్దామనుకుంటే ఆ సంబంధం తెలియకుండానే తిరిగి వస్తారు. ఒక రాత్రి అక్కడే ఉండండి.

రాజరాజ చోళుడు కట్టించి 1010లో పూర్తిచేసిన బృహదీశ్వరాలయపు అధిష్ఠానం చుట్టూ తమిళ శాసనాలు ఉన్నాయి. రాజు, అక్క కుందవై, రాణులు, అధికారులు ఇచ్చిన నగల బరువులు, విగ్రహాల కొలతలు, గుడి సేవకు వేరువేరు ఊళ్ల నుంచి రప్పించిన 400 మంది నర్తకీమణులకు కేటాయించిన ఇళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. మాకు తమిళ లిపి రాదు. అయినా నడుం వంచి ఆ అక్షరాల పక్కగా నడుస్తుంటే, వెయ్యేళ్ల కిందటి జమాఖర్చుల పుస్తకం పక్కన నడుస్తున్నట్టే ఉంది. అంత లెక్క రాయించిన రాజు నివసించిన భవనం నేడు లేదు. ఆయన విగ్రహం కూడా ఆలయ ప్రాకారం బయటే నిలబడి ఉంది. మధ్యాహ్నానికి ముందే చూడటం ముగించండి, లేకపోతే రాతి నేల మీద అరికాళ్లు కాలి నీడ నుంచి నీడకు గంతులు వేయవలసి వస్తుంది.

తెలుగు సంబంధం ఉన్నది ప్యాలెస్‌లో. దాన్ని మొదలుపెట్టినవారు తెలుగు నాయకులు, పెంచినవారు మరాఠా రాజులు. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి, ఆయన కొలువులో రామభద్రాంబ, మధురవాణి వంటి విదుషీమణులు ఉన్నారు. తరువాత వచ్చిన మరాఠా రాజు శహాజీ సైతం తెలుగులో యక్షగానాలు రాశాడు. మాతృభాష మరాఠీ, ప్రజల భాష తమిళం, రాజు రచన తెలుగు! ఆ ప్యాలెస్ ఆవరణలోనే సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉంది. రెండవ శరభోజి పెంచి పోషించిన ఆ సంగ్రహంలో తెలుగు తాళపత్రాలు కూడా ఉన్నాయి. ప్రదర్శనలో తెలుగు అక్షరాలున్న తాటాకు దగ్గర మేము ఆగిపోయాము. గొలుసుకట్టు లేని, పదానికి పదానికి మధ్య ఎడం లేని వరుస. కూడబలుక్కొని చదవబోయి ఒక పద్యపాదం సగంలో ఓడిపోయాము.

అక్కడి నుంచి 13 కి.మీ. వెళ్తే తిరువైయారు. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి ఉంది. శరభోజి కొలువుకు పిలిస్తే వెళ్లలేదని ప్రసిద్ధి. పదకొండు రోజులు రాజభవనాలు చూసిన తరువాత, రాజభవనాన్ని వద్దన్న మనిషి ఊరికి చేరడం మేము ముందుగా వేసుకున్న పథకం కాదు, దారి అలా కుదిరింది. సమాధి మీది గుడిని కట్టించినది రాజు కాదు; గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన సంపాదనతో కట్టించింది. పుష్య బహుళ పంచమినాడు ఆరాధన జరుగుతుంది. ఆ రోజు కాకపోతే అక్కడ జనం ఉండరు, నది చప్పుడు వినవచ్చు.

మా బృందంలో దేవుణ్ణి నమ్మని మిత్రుడు, వేరే మతానికి చెందిన మిత్రుడు ఉన్నారు. వారిని తీసుకువెళ్లవచ్చా?

మా బృందంలోనూ ఇద్దరూ ఉన్నారు. నియమాల సంగతి ముందే చెప్పుకోవడం మర్యాద. పద్మనాభస్వామి గుడిలోకి హిందువులను మాత్రమే అనుమతిస్తారు. మీనాక్షి గుడిలో ప్రాంగణం అందరూ చూడవచ్చు, అమ్మవారి సన్నిధికి మాత్రం హిందువులు కానివారికి అనుమతి లేదు. బృహదీశ్వరాలయం ఆవరణలోను, హంపిలోను ఇబ్బంది లేదు. హంపిలో 1439లో అహ్మద్ ఖాన్ అనే విజయనగర అధికారి కట్టించిన మసీదు ఉంది. మా ముస్లిం మిత్రుడే దాన్ని వెతికి మాకు చూపించాడు. చౌమహల్లాలో ఉర్దూ ఫలకాలు చదివి చెప్పినదీ ఆయనే.

తిరువనంతపురంలో ఆయన గుడి కోనేరైన పద్మతీర్థం మెట్ల మీద కూర్చున్నాడు. నమ్మకం లేని మిత్రుడు లోపలికి రాగలిగినవాడే అయినా, చొక్కా విప్పడానికి ఇష్టం లేదనే సాకుతో ఆయనకు తోడుగా బయటే ఉండిపోయాడు. అది సాకేనని అందరికీ తెలుసు. ఆ తరువాత ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

డబ్బు లెక్క ఎలా చూసుకోవాలి?

రైలు, గది, వాహనం, భోజనం ఉమ్మడి ఖాతా నుంచి పెట్టాలి. హుండీ, ఆర్జిత సేవ, ప్రత్యేక దర్శనం టికెట్, అర్చకులకు ఇచ్చే దక్షిణ ఎవరి జేబు నుంచి వారు పెట్టుకోవాలి. ఈ ఒక్క విభజన ముందే చేసుకోకపోతే మూడో రోజుకు ముఖాలు ముడుచుకుంటాయి. ప్రత్యేక దర్శనం టికెట్ కొనాలా వద్దా అన్న విషయంలో మా మధ్య ఏకాభిప్రాయం చివరిదాకా కుదరలేదు, అందుకని ఎవరి వరుసలో వారు వెళ్లి ప్రసాదాల కౌంటరు దగ్గర కలుసుకునేవాళ్లం. మీనాక్షి గుడిలో ఒకసారి ఉచిత వరుసలో వెళ్లినవారే ముందుగా బయటికి వచ్చి, మిగిలినవారి కోసం పులిహోర పొట్లాలు పట్టుకొని నిలబడ్డారు.

భోజనానికి ఇబ్బంది పడతామా?

పడరు. కారం తగ్గిందని రెండో రోజు నుంచే గొణుగుడు మొదలవుతుంది కాబట్టి ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా పెట్టుకోండి. తమిళ గుళ్ల పులిహోర మన దానికంటే నల్లగా, నువ్వుల పొడితో ఉంటుంది. మన ఇంటి పులిహోరే గొప్పదని అక్కడ నిలబడి వాదించకండి.

తల్లిదండ్రులను కూడా తీసుకువెళ్లవచ్చా?

ఈ దారిలో వద్దు. రాత్రి ప్రయాణాలు ఎక్కువ, నడక ఎక్కువ. పెద్దవారి కోసం తిరుచిరాపల్లిలో మకాం పెట్టి శ్రీరంగం, తంజావూరు మాత్రం నాలుగు రోజుల్లో నెమ్మదిగా చూపించండి.

ఉత్తరాదిన ఇలాంటి యాత్ర చేయాలంటే?

అది మా తరువాతి ప్రయత్నం. జయపురంలో గోవింద్‌దేవ్‌జీ గుడి రాజభవన సముదాయంలోనే ఉంది. ఉదయపూరు మహారాణాలు ఏకలింగజీకి తాము దివాన్లమే గాని రాజులం కామని చెప్పుకొని పాలించారు, ఇది విన్నాక మార్తాండవర్మ గుర్తుకు రాకుండా ఉండడు. కాని వీటన్నిటికంటే మనకు దగ్గరిది పూరీ. అక్కడ రథయాత్రనాడు గజపతి మహారాజు బంగారు పిడి చీపురు పట్టుకొని జగన్నాథుడి రథాన్ని ఊడ్చి, గంధపు నీళ్లు చల్లుతాడు. చేతులు జోడించి నిలబడిన రాజులను ఇన్నిచోట్ల చూశాక, చీపురు పట్టిన రాజును చూడాలని మా ఆరుగురికీ ఉంది. రథయాత్ర ఆషాఢ శుద్ధ విదియనాడు జరుగుతుంది, రథాల తయారీ అక్షయ తృతీయనాడు మొదలవుతుంది. అధికమాసం రాని ఏడాదిలో ఈ రెంటికీ మధ్య ఎడం రెండు చాంద్రమాసాలకు ఒక్కరోజు తక్కువ, అంటే సుమారు 58 రోజులు కాబట్టి, పూరీలో వడ్రంగులు మొదటి దుంగ మీద గొడ్డలి వేసే రోజుకు కొంచెం ముందే ఇక్కడ సికింద్రాబాదులో రథయాత్రకు వెళ్లే రైలుకు 60 రోజుల ముందటి రిజర్వేషన్ తెరుచుకుంటుంది.